క్యాసెట్టులోని చేయి

కౌసల్యమ్మ ఇంటికి వెళ్ళాలా వద్దా అన్నది శ్రీకళ బుధవారం దాకా తేల్చుకోలేకపోయింది.

పోయిన ఆదివారం ఎల్బీ నగర్‌లో రిటైరైన ఉద్యోగుల సంఘం వార్షికోత్సవంలో జరిగిన సంగతి ఆమెను వదలడం లేదు. భోజనాలకు ముందు కాసేపు వాయించమంటే వెళ్ళింది. ల్యాప్ స్టీల్ గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో స్టీలు బారును తీగల మీద జారుస్తూ, చిన్నప్పుడు తండ్రి వెంకటనర్సయ్య దగ్గర నేర్చుకున్న పాత ఇంగ్లీషు ప్రేమపాట ఎత్తుకుంది. ఎప్పుడో డ్యాన్సు హాళ్ళలో జంటలు మెల్లగా కదులుతూ విన్న రకం పాట. అందులో మూడో వరుసలో ఒకచోట స్వరం ఆగాల్సిన చోట ఆగదు. గభాలున పైకి జారి, ఒక్క క్షణం బిక్కమొహం వేసి, మళ్ళీ కిందికి దిగివస్తుంది. అది మా నాయిన గొప్పతనం అని శ్రీకళ వాయించిన ప్రతిచోటా చెప్పుకుంటుంది. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్టులో ఆయన వాయించింది అచ్చం అలాగే ఉంటుంది.

పాట అయ్యాక డెబ్బై దాటిన ఒక పెద్దావిడ వేదిక దగ్గరికి వచ్చింది. ఆ జారుడు ఎవరు నేర్పారని అడిగింది. మా నాయిన అని శ్రీకళ చెప్పేసరికి తల అడ్డంగా ఊపింది.

"అది పాటలో లేదమ్మాయ్. అది నా తప్పు," అంది. తన పేరు కౌసల్యమ్మ అనీ, ఇల్లు ఇక్కడే ఎల్బీ నగర్‌లోననీ చెప్పి, ఆ గిటారు తీసుకుని ఒకసారి రమ్మంది. "ఇంట్లో ఎవరికీ చెప్పకు. ముందు నువ్వు రా," అని కూడా అంది.

ఎవరో మతి తప్పిన మనిషి అనుకుంటే పోయేది. కానీ మతి తప్పిన మనుషులు అంత నెమ్మదిగా మాట్లాడరు. పైగా వచ్చే ఆదివారం వెంకటనర్సయ్యకు సన్మానం. తమ్ముడు వీరేందర్ ఫంక్షన్ హాలు మాట్లాడాడు, చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు, బాటసింగారం వైపు తనతో కలిసి ప్లాట్ల వ్యాపారం చేసే వాళ్ళందరినీ పిలిచాడు. పక్షవాతం వచ్చి ఏడాదిగా మంచం పట్టిన తండ్రిని అక్కడ కూర్చోబెట్టి, ఆ పాత క్యాసెట్టు వినిపించి, ఆ తర్వాత శ్రీకళ అదే పాట వాయించాలి. అదీ ఏర్పాటు.

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, చైతన్యపురిలో తను నడిపే లేడీస్ హాస్టల్లో పిల్లలంతా కోచింగ్ క్లాసులకు వెళ్ళిపోయాక, శ్రీకళ గిటారు పెట్టె తీసుకుని మెట్రోకు బయల్దేరింది. మెట్ల దగ్గర తల్లి యాదలక్ష్మి ఎదురైంది.

"మల్లెక్కడికి దాన్ని మోసుకపోతున్నవు?"

"తీగలు మార్పించాలె అమ్మా."

అబద్ధం ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియలేదు.

*

కౌసల్యమ్మ ఉండేది రింగు రోడ్డు వెనకాల, ఐదో అంతస్తులో, కూతురి ఫ్లాటులో. భర్త త్రినాథరావు పోయాక విశాఖపట్నంలో ఒంటరిగా ఉండలేక ఇక్కడికి వచ్చేసిందట. తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, ఫ్యాను వేగం పెంచి, ఎదురుగా కూర్చుంది. సన్నటి మనిషి. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. కళ్ళు మాత్రం శ్రీకళ మొహం మీద లేవు. పెట్టె మీద ఉన్నాయి.

"ఇది నా పెట్టె కాదు," అంది.

"మా నాయిన చేయించిండు ఆంటీ. పాతది లేకుండెనట."

"అవును, పాతది గుడ్డసంచీ. తెరువమ్మా."

శ్రీకళ మూత తెరిచింది. నల్లగా పాలిష్ పోయిన చెక్క, పసుపెక్కిన బటన్లు, మధ్యలో తీగల శబ్దాన్ని పట్టే, తుప్పు మరకల పికప్. కౌసల్యమ్మ ముందుకు వంగి చాలాసేపు చూసింది. చేయి చాపింది, మళ్ళీ చీర కుచ్చిళ్ళ మీదికే తెచ్చుకుంది.

"వాయించు," అంది.

శ్రీకళ సంచిలోంచి చిన్న బ్యాటరీ యాంప్లిఫయరు తీసి వైరు తగిలించింది. పాట మొదలుపెట్టింది. వందలసార్లు వాయించిన పాటే. ఆ గదిలో మాత్రం పరీక్షకు కూర్చున్నట్టు అరచేయి చెమట పట్టింది. మొదటి వరుస, రెండో వరుస. మూడో వరుసలోకి రాగానే కౌసల్యమ్మ వేలెత్తింది.

"ఇప్పుడు."

శ్రీకళ చేతిలో బారు అలవాటు ప్రకారం పైకి జారింది. ఆగింది. దిగింది.

"ఆపమ్మా. అక్కడేం జరిగిందో చెబుతాను." కౌసల్యమ్మ నవ్వబోయి మానేసింది. "ఆ రోజు పొయ్యి మీద పప్పు కుక్కరు పెట్టి వచ్చి కూర్చున్నాను. అన్నీ కట్టేసి, కిటికీలు మూసి, వీధిలో పిల్లల్ని తరిమేసి, మీ నాన్న టేప్ రికార్డరు నొక్కాడు. కుక్కరు సంగతి ఇద్దరం మరిచిపోయాం. సరిగ్గా ఆ వరుసకొచ్చేసరికి కూత పెట్టింది. నేను అదిరిపడ్డాను. బారు రెండు మెట్లు పైకి పోయింది. ఎలాగో సర్దుకుని దిగాను. మళ్ళీ మొదట్నుంచి రికార్డు చేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. 'వద్దమ్మా, గట్లనే ఉండనీ. గదే మంచిగున్నది' అన్నాడు."

శ్రీకళకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. "కుక్కరు కూతేంది ఆంటీ? క్యాసెట్ల గసొంటిదేం లేదు. చిన్నప్పటి సంది వింటున్న."

"ఉంటుంది. వినలేదంతే."

క్యాసెట్టును వీరేందర్ ఈ మధ్యే ఫోన్లోకి ఎక్కించి పంపాడు. శ్రీకళ ఫోను తీసి, అది పెట్టి, టీపాయి మీద ఉంచింది. ఇద్దరూ దాని మీదికి వంగారు. దూరం నుంచి వస్తున్నట్టు గిటారు, దాని వెనకాల టేపు అరిగిన చప్పుడు. మొదటి వరుస. రెండో వరుస. మూడో వరుస దగ్గర, జారుడుకు అర క్షణం ముందు, గిటారు వెనకాల సన్నగా సుయ్‌మని లేచి ఆగిపోయింది ఒక శబ్దం.

అది టేపులో దోషం అనుకుంది శ్రీకళ ఇన్నేళ్ళూ. ఆ చప్పుడు తీసేయిద్దామని వీరేందర్ అంటే, నాయిన పాటను ముట్టుకోవద్దని తనే పోట్లాడింది.

వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పెట్టింది. ఇక ఆ శబ్దం కుక్కరు కూతగా తప్ప ఇంకోలా వినబడనని మొండికేసింది.

"ఒప్పుకుంట ఆంటీ, ఈ పాట మీదే అయి ఉండొచ్చు," అంది చివరికి. "కానీ మా నాయిన గూడ వాయించేటోడు. మైకు సెట్టు బిగిస్తుంటే కరెంటు షాకు కొట్టి వేళ్ళు వంగిపోయినయి. గప్పటి సంది మానేసిండు. గందుకే నాకు నేర్పిండు."

"ఆ షాకు ఎప్పుడు కొట్టింది?"

"నేను పుట్టకముందే."

"మేం కూడా నువ్వు పుట్టకముందే మీ ఇంట్లో అద్దెకు దిగాం. దిల్‌సుఖ్‌నగర్‌లో మీ తాతగారి ఇంటి మేడ మీద గది. అప్పటికే మీ నాన్న వేళ్ళు వంగి ఉన్నాయమ్మా. నేను వాయిస్తుంటే గుమ్మంలో నిలబడి వినేవాడు. ఒకసారి 'నేను గూడ చూస్త' అని బారు తీసుకున్నాడు. వేళ్ళు ముడుచుకోలేదు. బారు కిందపడి నా కాలి బొటనవేలి మీద పడింది. ఇద్దరం నవ్వుకున్నాం." ఆమె ఆగింది. "ఆయన చెవి గొప్ప చెవి. ఎక్కడ శ్రుతి తగ్గినా చెప్పేవాడు. చెయ్యి మాత్రం లేదు."

శ్రీకళ ఫోను తీసి సంచిలో పెట్టుకుంది.

తండ్రి దగ్గర కూర్చుని నేర్చుకున్న రోజులు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. మైకు సెట్ల షాపు వెనక గది. ఆయన తీగలు బిగించేవాడు, శ్రుతి చేసేవాడు, బారు ఆమె చేతిలో పెట్టి వేళ్ళు సర్దేవాడు. 'జారు బిడ్డా. ఇంక జర. ఆగు. గిప్పుడు దిగు.' క్యాసెట్టు వేసి, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వేసేవాడు. ఆయన ఒళ్ళో గిటారు ఉన్న రోజు ఒక్కటి గుర్తు రావాలి. ఒక్క రోజు. ఎంత వెతికినా గిటారు తన ఒళ్ళోనే కనిపించింది. ఆయన ఎప్పుడూ పక్కనే.

మరి 'నేను వాయించిన' అని ఆయన ఎప్పుడైనా అన్నాడా? స్కూల్లో తనే చెప్పింది, మా నాయిన క్యాసెట్టు ఉందని. ఇంటికొచ్చిన స్నేహితురాళ్ళు అడిగితే ఆయన నవ్వాడు. ఔనన్నాడా? కాదనలేదు. చుట్టాలన్నారు, వీరేందర్ అన్నాడు, ఊరంతా 'మైకు నర్సయ్య గిటారు గూడ వాయిస్తడు' అంది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. అది అబద్ధమాడటమేనా, కాదా? శ్రీకళకు తేలలేదు.

"ఆంటీ, మరి గిటారు మాకెట్ల వచ్చింది? మీరే ఇచ్చిన్రా?"

కౌసల్యమ్మ లేచి ఫ్యాను వేగం తగ్గించింది. మళ్ళీ కూర్చుంది.

"ఇవ్వలేదు. ఇది మా వాల్తేరు రైల్వే క్వార్టర్లలో నాకు నేర్పిన ఆంగ్లో ఇండియన్ టీచరుది. వాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతూ నా చేతిలో పెట్టింది. నా పెళ్ళిలో ఎవరేం ఇచ్చారో గుర్తులేదు గానీ, ఆవిడ ఇది ఇచ్చిన సాయంత్రం గుర్తుంది. పికప్‌లో తీగ తెగి శబ్దం రావడం లేదని మీ నాన్నకిచ్చాను, బాగు చెయ్యమని. షాపులో పెట్టాడు. తర్వాత ఒకరోజు మేడమెట్ల మీద నిలబడి, తల వంచుకుని, 'పోయిందమ్మా' అన్నాడు. 'పోవడమేమిటి?' అన్నాను. 'ఎవరో ఎత్తుకపోయిన్రు. షాపుల లేదు' అన్నాడు."

"ఎత్తుకపోయిన్రా?"

"నమ్మాను. ఏడ్చాను గానీ నమ్మాను. అంత మంచివాడు అబద్ధం చెబుతాడని ఎలా అనుకుంటాం? ఆ తర్వాత మా ఆయనకు బదిలీ అయింది. వెళ్ళిపోయాం. మళ్ళీ ఇంకో గిటారు కొనుక్కోవాలనిపించలేదు. అంతే, నా వాయింపు అక్కడితో సరి. ఇక్కడికొచ్చిన కొత్తలో మీ ఇల్లు వెతుక్కుంటూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. అంతా అపార్టుమెంట్లు, బట్టల షాపులు. ఏ సందో కూడా తెలియలేదు. ఆదివారంనాడు అక్కడ కూర్చుని పులిహోర ఎప్పుడు పెడతారా అని చూస్తుంటే నా తప్పు నాకు వినబడింది. తల తిప్పి చూస్తే నీ ఒళ్ళో నా గిటారు."

వీధిలో ఎవరో కారు హారను ఆపకుండా కొడుతున్నారు. శ్రీకళ పైకి లేచింది. గిటారును పెట్టెలో పెట్టింది. పెట్టెను రెండు చేతులా ఎత్తి కౌసల్యమ్మ ముందుకు తెచ్చింది.

"తీసుకోండి ఆంటీ. మీదే."

"కూర్చో."

"లే ఆంటీ, నాకు చాతగాదు. దీన్ని మల్ల ఇంటికి మోసుకపోవుడు నాతోని గాదు."

"కూర్చో అమ్మాయ్. నేను గిటారు కోసం పిలవలేదు." ఆమె తన వాచిన వేళ్ళను చూపించింది. "వీటితో ఏం చేసుకుంటాను? నాకు ఒక్కటి కావాలి. ఆదివారం మీ నాన్నకు సన్మానమట కదా, మా సంఘంలో చెప్పుకున్నారు. నేనూ వస్తాను. శాలువా కప్పేముందు ఎదురుగా నిలబడి ఒక్క మాట అడుగుతాను. 'నర్సయ్యగారూ, పోయిందన్నారు కదా, ఎక్కడ దొరికింది?' అని. అంతే. జవాబు విని వచ్చేస్తాను."

"ఆయన మాట్లాడలేడు ఆంటీ! పక్షవాతం. నోరు తిరగదు. ఒకటి రెండు మాటలు, అవి గూడ మాకే అర్థమైతయి."

కౌసల్యమ్మ మొహంలో పట్టుదలంతా ఒక్కసారిగా ఎటో పోయింది. "అయ్యో," అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మనిషిని గుర్తుపడతాడా?"

"అన్నీ తెలుస్తయి. చెప్పుకోలేడు."

"అయితే నువ్వే అడుగు. ఔనో కాదో తలూపగలడు కదా. నాకు నువ్వే చెప్పు. ఆయన తీశాడంటే ఆదివారం నేను రాను. తీయలేదంటే, నన్ను మోసం చేయలేదంటే, వచ్చి ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొడతాను."

శ్రీకళ తెల్లబోయింది. తప్పు చేశాడంటే రాననీ, చేయలేదంటే వస్తాననీ. ఈ లెక్క ఆమెకు బోధపడలేదు. "మీ పాటకు ఆయనకు సన్మానం చేస్తుంటే చప్పట్లు కొడుతరా?"

"ఆ తప్పును ఉంచమన్నది ఆయనే. నేనైతే చెరిపేసేదాన్ని," అంది కౌసల్యమ్మ.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ శ్రీకళకు ఒకటి తోచింది. "మా అమ్మ మీకు యాదికున్నదా ఆంటీ?"

"కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల. పొద్దున్నే పాలు తెచ్చిచ్చేది. అంతకు మించి గుర్తులేదమ్మా." చెప్పి, ఎందుకో చూపు పక్కకు తిప్పుకుంది.

*

మెట్రోలో సీటు దొరికింది. గిటారు పెట్టెను నిలబెట్టి దానికి గడ్డం ఆనించుకుని కూర్చుంది శ్రీకళ. ఫోను మోగింది.

"అక్కా, ఫ్లెక్సీ డిజైన్ పంపిన, చూసినవా?" వీరేందర్ గొంతులో హుషారు పొంగుతోంది.

"చూస్త."

"గిప్పుడే చూడు. ప్రింటింగుకు ఇయ్యాలె. 'గిటారు మాంత్రికుడు' అని పెట్టిన. 'చక్రవర్తి' అంటే ఎట్లుంటదంటవు?"

శ్రీకళ ఫోటో తెరిచింది. ఎర్రటి అక్షరాల కింద తండ్రి ఫోటో. ఆయనకు యాభయ్యేళ్ళున్నప్పటిది. గిటారు ఆయన చేతుల్లోనే ఉంది. అయితే ఒళ్ళో లేదు. పసిపిల్లను ఎవరికో చూపిస్తున్నట్టు గుండెకు ఆనించి నిలువుగా పట్టుకున్నాడు. ఇంట్లో గోడ మీద రోజూ చూసే ఫోటో. ఇంతకాలం అందులో ఆమెకు వాయించేవాడే కనబడ్డాడు.

"ఇప్పుడే ప్రింటుకు ఇయ్యకు తమ్మీ."

"ఎందుకు?"

"ఇయ్యకని చెప్పిన గదా. ఇంటికి పోయి ఫోన్ జేస్త."

"ఏమైంది అక్కా? గట్లున్నవేంది? నాయినకు మంచిగనే ఉన్నదా?"

శ్రీకళ ఫోను పెట్టేసింది. ఆయన దొంగ అనుకోవడానికి మనసు ఒప్పడం లేదు. దొంగ కాదనుకుంటే, ఆ గిటారు గుడ్డసంచీలోంచి నడుచుకుంటూ ఇంటికి రాలేదు కదా. అబద్ధాలకోరు తండ్రి అనుకుందామంటే, పక్కన కూర్చుని 'జారు బిడ్డా' అన్న గొంతులో అబద్ధం లేదు. ఇదంతా కౌసల్యమ్మ కల్పన అనుకుందామంటే కుక్కరు కూత ఉంది. ఒక ఆలోచన పట్టుకుని నిలబడేలోగా రెండోది దాన్ని తోసేస్తోంది. చైతన్యపురిలో దిగాల్సిన మనిషి దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళిపోయి, ఎదురు ప్లాట్‌ఫారమ్ మీదికి పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది.

*

హాస్టల్ బిల్డింగు కింది అంతస్తులోనే అమ్మానాన్నలు ఉండేది. వెళ్ళేసరికి యాదలక్ష్మి భర్తకు దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టి, చెంచాతో జావ తాగిస్తోంది. సాయంత్రం ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. వెంకటనర్సయ్య కూతుర్ని చూసి, పనిచేసే సగం మొహంతో నవ్వాడు. చూపు గిటారు పెట్టె మీదికి పోయింది.

"తీగలు మార్చిండ్రా?" అంది యాదలక్ష్మి.

"లే. నేను తీగలకు పోలే అమ్మా." శ్రీకళ పెట్టెను మంచం పక్కన ఆనించి, తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "నాయినా, కౌసల్యమ్మ యాదికున్నదా? మన మేడ మీద కిరాయికుండె."

ఆయన నవ్వు ఆగిపోయింది. యాదలక్ష్మి చేతిలో చెంచా గిన్నె అంచుకు తగిలి టక్కుమంది.

"ఆమె ఇక్కడనే ఎల్బీ నగర్ల ఉన్నది. నేను ఆమె ఇంటికి పోయొచ్చిన."

వెంకటనర్సయ్య పెదవులు కదిలాయి. ఒక కంటిలోంచి నీళ్ళు కారాయి. అది సంతోషమో భయమో శ్రీకళ పోల్చుకోలేకపోయింది. ఆయన చేయి పట్టుకుంది. ఆ వంగిన వేళ్ళను ఎన్నోసార్లు పట్టుకుంది గాని, ఇప్పుడు పట్టుకుంటే కొత్త వేళ్ళలా ఉన్నాయి.

"క్యాసెట్ల వాయించింది నువ్వు గాదు గదా నాయినా?"

ఆయన తల అటూ ఇటూ ఆడించాడు. కాదు. ఏ తడబాటూ లేదు. ఎవరైనా అడిగితే చెబుదామని ఇన్నేళ్ళూ ఎదురుచూస్తున్న మనిషిలా చెప్పాడు.

"గీ ముసలోని పానం తీస్తవా ఏంది?" యాదలక్ష్మి గిన్నె కింద పెట్టింది. "ఎప్పటియో ముచ్చట్లు ఇప్పుడెందుకే? జర పండుకోనీ."

"అడగనీ అమ్మా. ఆదివారం ఇంత పెద్ద ఫంక్షన్ పెట్టుకుని అడగకుంటె ఎట్ల?" మళ్ళీ తండ్రి వైపు తిరిగింది. "గిటారు పోయిందని ఆమెకు చెప్పినవా?"

తలూపాడు. అవును.

"నువ్వే దాసి పెట్టి గట్ల చెప్పినవా?"

ఆయన తల ఎంత వేగంగా ఆడించాడంటే దిండు జారి కింద పడింది. గొంతులోంచి గరగరమని శబ్దం వచ్చింది. మంచిగా ఉన్న చేత్తో గాలిలో ఏదో చూపిస్తున్నాడు, పైకి, ఇంకా పైకి. "గ... గడ్... గడ్డి..."

"గడ్డా? గడ్డేంది నాయినా?"

"గడ్డిల దొరికిందంటున్నడు." యాదలక్ష్మి కిటికీ వైపు తిరిగి మాట్లాడుతోంది. "పాత ఇల్లు కూలగొట్టేటప్పుడు బర్లకొట్టం మీద గడ్డిల దొరికింది. నువ్వప్పుడు చిన్నపిల్లవు. గప్పటికి వాళ్ళు ఎప్పుడో ఎల్లిపోయిన్రు. మీ నాయిన వాళ్ళ అడ్రసు కోసం ఆమె పెనిమిటి ఆఫీసు చుట్టూ తిరిగిండు, ఎవరు చెప్పలే. దొంగోడు భయపడి అక్కడ పారేసి పోయిండనుకున్నడు పాపం."

"అనుకున్నడంటే?"

యాదలక్ష్మి కిటికీ వైపు నుంచి తిరగలేదు.

శ్రీకళ తల్లి వీపునే చూస్తోంది. ఏదో అర్థమవుతున్నట్టే ఉంది, అది తనకు అక్కర్లేదనీ అనిపిస్తోంది. తండ్రిని అనుమానించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఇప్పుడు ఆ అనుమానాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. "అమ్మా, బర్లకొట్టం మీద గడ్డి తీసేది ఎవరు?"

యాదలక్ష్మి కిటికీ వదిలి వచ్చింది. కింద పడిన దిండు తీసి, దులిపి, భర్త తల వెనక సర్దింది. ఆయన మొహం వైపు చూడకుండానే సర్దింది.

"ఆయన్ను ఏమనకు," అంది కూతురితో. "పొద్దున లేస్తె రాత్రి దాక దాన్ని ఎతికిండు. షాపుల పనిచేసేటోళ్ళ మీద కొట్లాట పెట్టుకుండు. నేను అన్నం పెట్టుకుంట చూసుకుంట ఉన్న. షాపు ఎనక తలుపు తీసి దాన్ని దెచ్చింది నేనే. గడ్డిల పెట్టింది నేనే."

గిటారు శబ్దం వింటే చాలు తలుపు దబాలున మూసే తల్లి. 'ఆ ఏడుపు బంజెయ్యి' అని చిన్నప్పుడు క్యాసెట్టు ఆపేసిన తల్లి. ఆ పొడుగాటి బరువును కొంగు కింద దాచి పెరడు దాటుతున్న పంతొమ్మిదేళ్ళ పిల్లను శ్రీకళ ఎంత ప్రయత్నించినా ఊహించుకోలేకపోయింది. కౌసల్యమ్మ చెప్పిన మేడ మెట్లూ, గుమ్మంలో నిలబడి పాట వినే తండ్రీ గుర్తొచ్చి, ఆ వెంటనే ఒక చెడ్డ ఆలోచన కూడా వచ్చింది. ఆయన ముందే అడగడానికి సిగ్గేసింది. అడగకుండా ఉండలేకపోయింది.

"నాయిన మీద అనుమానమొచ్చి చేసినవా అమ్మా?"

"ఛీ!" యాదలక్ష్మి గిరుక్కున తిరిగింది. "ఏం మాటలే అవి?"

"మరేంది?"

అప్పుడు మంచం మీది నుంచి వెంకటనర్సయ్య గొంతు వినబడింది. ఏడాదిగా సగం సగం మాటలే తప్ప ఒక్క మాటా తిన్నగా రాని గొంతు. ఈసారి ఎక్కడా తెగలేదు.

"ఎందుకు లక్ష్మీ?"

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఆయన కూతుర్ని చూడటం లేదు. భార్యనే చూస్తున్నాడు. ఆ కళ్ళలో కోపం లేదు. సగం జీవితం పక్కన నడిచిన మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఉన్నాయి.

యాదలక్ష్మి మంచం అంచున కూలబడింది. జావ అంటిన చేయిని కొంగుకు తుడుచుకుంది, ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

"ఆమె ముందుగాల నీకు ఇనిపించలే నర్సయ్యా," అంది. ఆ పేరుతో ఆమె ఆయన్ని పిలవడం శ్రీకళ ఎన్నడూ వినలేదు. "పాలు దీస్కపోయినప్పుడు నాకు ఇనిపించింది. నా చేతిల బారు పెట్టింది. నేర్పింది. నువ్వు షాపుకు పోయినంక రోజూ నేర్పింది. దాన్ని మల్ల ఆమెకు ఇయ్య బుద్ధిగాలే, గందుకే దాసిన. ఆ క్యాసెట్ల నువ్వు రికార్డు చేసిన పాట ఒక్కటే ఆమెది." ఆమె తలెత్తింది. "రెండో దిక్కు తిప్పి ఎన్నడన్న ఇన్నవా?"